ఫొటోలో ఒక డైనోసార్ క్వారీలోని ఎముకల గోడ చూశాను. అన్ని ఎముకలు ఒకే చోట ఎందుకున్నాయి? డైనోసార్లన్నీ ఒకేసారి చచ్చిపోయాయా? ఆ నేల గోడలా ఎలా నిలబడింది?

లేదండీ, ఒకేసారి చావలేదు. మీరు ఫొటోలో చూశానన్న ఎముకల గోడ అమెరికాలోని యూటా రాష్ట్రంలో, డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్‌లో ఉంది. ఎముకల కోసం రాయి తవ్విన ఆ చోటుని కార్నెగీ క్వారీ అంటారు. నేను కాలేజీలో జియాలజీ చదివాను, ఆ గోడ ముందు చాలాసేపు నిలబడి చూశాను కూడా. అక్కడికొచ్చిన ప్రతివాళ్ళూ ఎముకల్నే చూస్తారు. సుమారు 1,500 ఎముకలు కళ్ళెదురుగా ఉంటే ఇంకేం చూస్తారు లెండి! కానీ మీ ప్రశ్నకి జవాబు ఎముకల్లో కన్నా, వాటి మధ్యనున్న రాయిలో ఎక్కువుంది.

అది ఇసుకరాయి. సన్నని గులకరాళ్ళు కూడా కలిసుంటాయి. చుట్టుపక్కల కొండల్లో కనిపించేదేమో ఎక్కువగా బూడిద, ఊదా రంగుల బురదరాయి. అంటే చదునైన బురదనేల మధ్యలోంచి ఒక నది పారింది, దాని అడుగున పేరుకున్న ఇసుకే ఈ బండ. వయసు దాదాపు 15 కోట్ల ఏళ్ళు, జురాసిక్ చివరి కాలం. ఈ పొరల్ని మోరిసన్ ఫార్మేషన్ అంటారు. ఇదే ఇసుకలో మంచినీటి ఆల్చిప్పల శిలాజాలు కూడా దొరికాయి. ఎండిపోయే వాగులో అవి బతకవు కాబట్టి, ఇది మామూలుగా ఏడాది పొడవునా నీళ్ళుండే నదే అనుకోవచ్చు.

ఇక ఎముకల సంగతి. కొన్నిచోట్ల మెడ, తోక వెన్నుపూసలు వరస తప్పకుండా అలాగే ఉన్నాయి. ఆ పక్కనే ఎవరిదో తొడ ఎముక, ఇంకెవరిదో భుజం ఎముక చెల్లాచెదురుగా పడున్నాయి. వరస చెదరలేదంటే కండరాలు పూర్తిగా కుళ్ళకముందే ఇసుక కప్పేసిందన్నమాట. విడివిడిగా ఉన్నవేమో చాన్నాళ్ళు బయట పడుండి, తర్వాత కొట్టుకొచ్చినవి. రెండు రకాలూ ఒకే పొరలో ఉన్నాయంటే చావులు వేరు వేరు సమయాల్లో జరిగాయి, ఒక్కచోటికి చేర్చింది మాత్రం నది. కరువులో నది చుట్టూ జంతువులు చచ్చిపడ్డాయి, తర్వాత వరదలు ఆ కళేబరాల్ని తెచ్చి ఇసుకదిబ్బల దగ్గర వదిలేశాయి అన్నది ఎక్కువమంది చెప్పే వివరణ. నాకూ అదే సబబుగా అనిపిస్తుంది.

ప్రవాహం చిన్న, తేలిక ఎముకల్ని ముందుకు తోసేస్తుంది. అందుకే గోడ మీద ఎక్కువగా కామరాసారస్, డిప్లోడోకస్, అపటోసారస్ అనే పొడుగు మెడ డైనోసార్లు, స్టెగోసారస్ లాంటి భారీ జంతువులే కనిపిస్తాయి. అప్పట్లో చిన్న జంతువులు లేవని కాదు. అలాగని చిన్నవి అసలు దొరకలేదనీ కాదు, ఒక పిల్ల కామరాసారస్ దాదాపు పూర్తి అస్థిపంజరంగా ఇక్కడే దొరికింది. అలాంటిది దొరకడం చాలా అరుదు.

తలలైతే మరీ కష్టం. పొడుగు మెడ డైనోసార్ల పుర్రె తేలిగ్గా ఊడిపోయి కొట్టుకుపోతుంది. ఈ క్వారీని 1909లో కనిపెట్టిన ఎర్ల్ డగ్లస్‌కి మొదట దొరికింది అపటోసారస్ తోకలోని 8 వెన్నుపూసలు. ఆ జంతువు దగ్గర్లోనే డిప్లోడోకస్ పోలికలున్న పుర్రె ఒకటి దొరికింది, కానీ మెడకి అతుక్కుని లేదు కాబట్టి అది దీనిదేనా అని అప్పట్లో తేలలేదు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంలో ఆ అస్థిపంజరం చాలా ఏళ్ళు తల లేకుండానే ఉంది. 1930ల్లో కామరాసారస్ తరహా తల పెట్టారు. 1979లో అది తీసేసి, డిప్లోడోకస్ పోలికలున్న తలే సరైనదని అలాంటిది పెట్టారు. నది చేసిన పనికి మ్యూజియం వాళ్ళు ఇన్నేళ్ళు తిప్పలు పడ్డారు!

నది అడుగు గోడలా ఎలా నిలబడిందని కూడా అడిగారు. ఇసుక మీద వేల అడుగుల మందాన వేరే పొరలు చేరాయి, మధ్యలో సముద్రం కూడా వచ్చి వెళ్ళింది. తర్వాత రాకీ పర్వతాలు లేచినప్పుడు ఈ పొరలన్నీ గోడకి ఆనించిన మంచంలా ఒరిగిపోయాయి. వాలు 67 డిగ్రీలు. పై పొరల్ని గాలి, నీటి కోత తినేశాక ఎముకలున్న పొర బయటపడింది.

నాకు బాగా నచ్చిన విషయం అగ్నిపర్వతాల బూడిద. జురాసిక్‌లో పడమటి వైపు నుంచి వచ్చి పడిన బూడిద ఈ పొరల్లో కలిసింది. అందులోని జిర్కాన్ లాంటి ఖనిజాల వల్లే వయసు లెక్కకట్టగలుగుతున్నారు. అదే బూడిద బెంటోనైట్ మట్టిగా మారింది. అది నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. గోడ చుట్టూ 1958లో తెరిచిన భవనం ఈ మట్టి మీదే ఉండటంతో క్రమంగా బీటలిచ్చి, 2006లో మూసేయాల్సి వచ్చింది. 2011లో మళ్ళీ తెరిచారు.

అన్ని క్వారీల కథా ఇదే అనుకోకండి. యూటాలోనే, ఇదే మోరిసన్ పొరల్లో క్లీవ్‌లాండ్-లాయిడ్ అని ఇంకో క్వారీ ఉంది. అక్కడ ఎముకలున్నది బురదరాయిలో, పైగా మూడింట రెండొంతులు అల్లోసారస్ అనే మాంసాహారివే. వేటాడే జంతువులు అన్ని ఒకేచోట ఎందుకు చచ్చాయో ఇప్పటికీ తేలలేదు. ఊబిలో దిగబడ్డాయని కొందరు, కరువని కొందరు, నీళ్ళు విషమయ్యాయని ఇంకొందరు అంటారు. ఊబి వాదన వినడానికి బాగుంటుంది గానీ, నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు.

కార్నెగీ క్వారీకి వెళ్తే కింది అంతస్తులో కొన్ని ఎముకల్ని చేత్తో తాకనిస్తారు, అవి నమూనాలు కావు, అసలువే. కుదిరితే బస్సులో కాకుండా ఫాసిల్ డిస్కవరీ ట్రెయిల్ మీద నడవండి. పొరలు ఒరిగున్నాయి కాబట్టి నడుస్తుంటే కాలాలు మారుతుంటాయి: చేపల పొలుసులున్న సముద్రపు పొర ఒకచోట, డైనోసార్ ఎముకలున్న పొర ఇంకోచోట. నీడ దాదాపు ఉండదు, వేసవిలో అయితే పొద్దున్నే బయల్దేరండి, నీళ్ళు బాగా పట్టుకెళ్ళండి.