బీపీ మందు, నొప్పి మాత్ర, రాత్రంతా పరుగు: ఈ మూడూ కలవకూడదు

ప్రశ్న: మేం అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని హిల్స్‌బరోలో ఉంటాం. ఆగస్టు చివర్లో జరిగే హుడ్ టు కోస్ట్ రిలేలో మా ఇంటివాళ్లం, బావమరిది వాళ్లు, తోడల్లుడి వాళ్లు కలిపి 12 మంది ఒక జట్టుగా పరుగెత్తబోతున్నాం. ఒక్కొక్కరికి మూడు విడతలు వస్తాయి. రాత్రంతా రెండు వ్యాన్లలో ప్రయాణం. నా వయసు 46. మూడేళ్లుగా టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర వాడుతున్నాను. అయినా ఇంట్లో చూసుకుంటే 146/92 ఉంటోంది. విడతల మధ్య ఏం తినాలి? పులిహోర, పెరుగన్నం తీసుకెళ్లవచ్చా? మోకాళ్లకు పట్టీలు వేసుకోవాలా? మా మామగారికి 66 ఏళ్లు. షుగర్‌కి గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. ఆయన పరుగెత్తరు కాబట్టి రాత్రి వ్యాన్ తానే నడుపుతానంటున్నారు. మా అబ్బాయికి 19 ఏళ్లు, చిన్నప్పుడు ఆస్తమా ఉండేది. నాకు రెండు నెలలుగా నడుం నొప్పి. ఇండియా నుంచి తెచ్చుకున్న ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర పరుగుకు ముందు ఒకటి వేసుకుంటే బాగానే ఉంటోంది.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగింది పులిహోర గురించి. దానికి తర్వాత వస్తాను. ముందు మీ ఉత్తరంలోని చివరి వాక్యం సంగతి చూడాలి. ఆ మాత్ర ఈ రోజు నుంచే ఆపండి. పోటీ రోజు వరకూ ఆగొద్దు.

ఎందుకో చెబుతాను. పరుగెత్తేటప్పుడు రక్తం ఎక్కువగా కండరాలకూ చర్మానికీ వెళ్తుంది, కిడ్నీలకు తగ్గుతుంది. ఆ తక్కువ రక్తంతోనే వడపోత ఆగకుండా చూసుకోవడానికి కిడ్నీకి రెండు ఉపాయాలున్నాయి. లోపలికి వచ్చే రక్తనాళాన్ని వెడల్పు చేసుకోవడం ఒకటి, బయటికి పోయే నాళాన్ని కాస్త బిగించుకోవడం రెండోది. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ లాంటి మందులు మొదటిదాన్ని అడ్డుకుంటాయి. టెల్మిసార్టాన్ రెండోదాన్ని అడ్డుకుంటుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లోని ఉప్పునీ నీటినీ బయటికి పంపుతుంది. వీటికి చెమట తోడైతే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ కూడా ఒక్క రాత్రిలో దెబ్బతినవచ్చు. బాగానే ఉంటోందని రాశారు. బాగున్నది నొప్పి మాత్రమే. కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష క్రియాటినిన్. అది రెట్టింపైనా చాలామందికి ఏ ఇబ్బందీ తెలియదు.

ఇంకో సంగతి. ఈ నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, టెల్మిసార్టాన్ పనిని తగ్గిస్తాయి. మీ 146/92కి కారణం ఇదే కావచ్చు, కాకపోనూ వచ్చు. మాత్ర మానేశాక రెండు వారాలపాటు ఉదయం, సాయంత్రం కూర్చుని, 5 నిమిషాలు ఊరికే ఉన్నాక బీపీ చూసి రాసుకోండి. ఆ కాగితం చూపించకుండా డోసు పెంచమని డాక్టరును అడగవద్దు. మీరు పెంచుకోనూ వద్దు. అప్పటికీ బీపీ తగ్గకపోతే పోటీకి ముందే దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి.

ఎసిక్లోఫెనాక్ అమెరికాలో అమ్మకంలో లేదు. అక్కడి ఎమర్జెన్సీలో ఆ పేరు చెబితే వెంటనే అర్థం కాకపోవచ్చు. డైక్లోఫెనాక్ జాతి మందు అని చెప్పండి, మాత్రల అట్ట ఫొటో ఫోన్లో ఉంచుకోండి. వ్యాన్లో ఎవరో ఒకరు మంచి మనసుతో అడ్విల్ ఇస్తారు. అది ఐబుప్రొఫెన్. అలీవ్ అంటే నాప్రోక్సెన్. రెండూ మీకు వద్దు. టైలెనాల్ అంటే మన పారాసిటమాలే. మీ ఇండియా మాత్రలో అది ఎలాగూ ఉంది కాబట్టి రెండూ వేసుకుంటే మీకు తెలియకుండానే డోసు రెట్టింపవుతుంది. లివర్ జబ్బు లేకపోతే పారాసిటమాల్ 500 లేదా 650 మి.గ్రా. ఒక మోతాదు, 6 గంటలకు ముందు మళ్లీ వేసుకోకుండా, రోజు మొత్తానికి 3 గ్రాములు దాటకుండా వాడవచ్చు. అది కూడా పరుగు అయ్యాక. మాత్ర లేకుండా పరుగెత్తలేని నడుంతో ఆ విడత పరుగెత్తకూడదు. మీ బదులు ఎవరు వెళ్లాలో జట్టులో ఇప్పుడే మాట్లాడుకోండి. రాత్రి 2 గంటలకు చీకట్లో ఆ చర్చ పెట్టుకోవద్దు.

రెండు నెలల నొప్పికి ఒక్కసారీ డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు మీరు రాయలేదు. మనవాళ్లకు ఇదొక అలవాటు. సూట్‌కేసులో ఊరగాయతోపాటు మందుల డబ్బా వస్తుంది, డాక్టరు పని అది చేస్తుంది. నొప్పి కాలిలోకి పాకుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా, బలహీనంగా ఉన్నా ఈ వారంలోనే చూపించుకోండి. మూత్రం, మలం అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తగ్గినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి.

చేయించుకోవలసిన పరీక్షలు: మీ దగ్గర బేసిక్ మెటబాలిక్ ప్యానెల్ అని ఒక్క రక్త పరీక్షలోనే క్రియాటినిన్, సోడియం, పొటాషియం వస్తాయి. దానికి మూత్రంలో అల్బుమిన్ పరీక్ష, ఈసీజీ కలపండి. దక్షిణాసియా వాళ్లకు గుండెపోటు ఇతరులకన్నా సుమారు ఐదారేళ్లు ముందుగా వస్తుంది. మీకు 46, బీపీ అదుపులో లేదు. పరుగులో ఛాతీ బరువు, దవడ లేదా ఎడమ చెయ్యి లాగడం, మామూలుకన్నా ఎక్కువ ఆయాసం ఉంటే ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అన్నది మీ డాక్టరు చూసి నిర్ణయిస్తారు. పోటీ రోజు బీపీ మాత్ర వేసుకోవాలా, మానాలా అన్నది కూడా ఆయన్నే అడగండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే భాగాన్ని ఆ ఒక్క రోజుకు మార్చడం ఒక దారి. కానీ మిమ్మల్ని చూడకుండా నేను ఆపమనీ చెప్పను, వేసుకోమనీ చెప్పను.

నీళ్ల విషయంలో చాలామంది చేసేది తిరగబడిన తప్పు. నీళ్లు తగ్గిపోతాయన్న భయంతో అతిగా తాగుతారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉన్నట్టు తేలింది. పరుగులో బరువు పెరిగిన వాళ్లలోనే అది ఎక్కువ. మీరు వాడే థయాజైడ్ సోడియాన్ని ఎలాగూ తగ్గిస్తుంది. నొప్పి మాత్ర మూత్రాన్ని బిగబట్టి దాన్ని ఇంకా పలచన చేస్తుంది. అందుకే ఆ మాత్ర గురించి ఇంత సేపు చెప్పాను. మీ ఒక్కో విడత గంట అటూ ఇటూ ఉంటుంది. దాహాన్ని బట్టి తాగండి. ఆ గంటకు 400 నుంచి 600 మి.లీ. చాలామందికి సరిపోతుంది. వ్యాన్లో బరువు తూచే యంత్రం ఒకటి పెట్టుకోండి. మొదటి విడతకు ముందున్న బరువు కన్నా పెరిగితే తాగడం తగ్గించండి. ఓఆర్ఎస్ కలిపితే లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరులో చిక్కగా కలిపితే వాంతి అవుతుంది.

పరుగెత్తిన మనిషికి తలనొప్పి, వాంతులు, వేలికి ఉంగరం బిగుసుకోవడం, మాటలు తికమకగా రావడం కనిపిస్తే సోడియం పడిపోయి ఉండవచ్చు. బలవంతంగా నీళ్లు పట్టించకండి, 911కి ఫోన్ చేయండి. ఎంత నీరు తాగారో, ఏ మాత్రలు వేసుకున్నారో వచ్చినవాళ్లకు చెప్పండి. దారిలో వచ్చే సెంట్ హెలెన్స్ ఊరు దాటాక కొండల్లో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. రెండు వ్యాన్లలోనూ కాగితం మీద అందరి మందులు, అలెర్జీలు, మార్గం పటం ఉండాలి.

హుడ్ పర్వతం మీద టింబర్‌లైన్ లాడ్జ్, దాదాపు 6,000 అడుగుల ఎత్తు, అక్కడ పోటీ మొదలవుతుంది. సీసైడ్ సముద్ర తీరంలో ముగుస్తుంది. మొత్తం 200 మైళ్లకు కాస్త తక్కువ. మొదటి విడతలో ఐదారు మైళ్లలోనే సుమారు 2,000 అడుగులు దిగాలి. దిగడం తేలికని ఆ విడతను పరుగులో బలహీనమైన మనిషికి ఇస్తారు. అది తప్పు. దిగువకు పరుగెత్తేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూ బరువు మోస్తుంది, అందులోని పోగులు తెగుతాయి. నొప్పి మర్నాటికి పెరుగుతుంది, అప్పటికి మిగతా రెండు విడతలు మీద పడతాయి. ఎవరైనా కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ వాడుతుంటే ఈ విడత వాళ్లకు ఇవ్వకండి. మందు మాత్రం సొంతంగా ఆపవద్దు. పోటీ అయ్యాక రెండు మూడు రోజులు మూత్రం డికాక్షన్ రంగులోకి మారినా, బాగా తగ్గినా, తొడలు గట్టిగా ఉబ్బినా ఆసుపత్రికి వెళ్లి సీకే (కండరాలు దెబ్బతిన్నాయా అని చూసే రక్త పరీక్ష), క్రియాటినిన్ చేయించుకోవాలి. అప్పుడు కూడా నొప్పి మాత్ర వేసుకుని పడుకోవద్దు.

ఇక మీ మామగారు. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన రెండో విషయం ఇది. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానం. 24 గంటలు దాటితే 0.10 శాతంతో సమానం. ఒరెగాన్‌లో చట్టం పెట్టిన హద్దు 0.08. పైగా గ్లిమిపిరైడ్ వేసుకుని, రాత్రి సరిగ్గా తినకుండా స్టీరింగ్ పట్టుకుంటే షుగర్ పడిపోవచ్చు. పడిపోతున్నప్పుడు తెలియకనూ పోవచ్చు. ఆయన పగలు నడపనివ్వండి, అది కూడా డ్రైవింగ్‌కు ముందు, ప్రతి 2 గంటలకు ఒకసారి షుగర్ చూసుకుని. 100 కన్నా తక్కువైతే ముందు ఏదైనా తినాలి. 70 కన్నా తక్కువైతే బండి ఆపి 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. 100 దాటి, 45 నిమిషాలు గడిచి, పూర్తిగా తేరుకున్నాకే స్టీరింగ్ పట్టాలి. రాత్రి 12 నుంచి తెల్లవారుజాము 6 వరకు వ్యాన్ నడిపే మనిషి పరుగెత్తకుండా, ఆ రోజు మధ్యాహ్నం 4 గంటలైనా నిద్రపోయి ఉండాలి. ఒక్కో వ్యాన్‌కు ఇద్దరు అలాంటి వాళ్లు లేకపోతే మీ జట్టు ఇంకా సిద్ధం కానట్టే. నిద్ర కోసం పీఎం అని ముగిసే పేర్ల మాత్రలు అక్కడ దొరుకుతాయి. వాటిలో మత్తు తెచ్చే అలెర్జీ మందు ఉంటుంది, కొన్నింటిలో ఐబుప్రొఫెన్ కూడా. ఎవరూ వాడవద్దు. పార్కింగ్ గడ్డిలో, వ్యాన్ల వెనక దుప్పటి పరుచుకుని కూడా పడుకోవద్దు, చీకట్లో వెనక్కి వచ్చే బండికి మీరు కనిపించరు.

మీ అబ్బాయికి ఆస్తమా ‘ఉండేది’ అన్నారు. కొండల్లో కొన్ని కంకర దారులున్నాయి, వ్యాన్ల దుమ్ము లేస్తుంది. రాత్రి గాలి చల్లగా ఉంటుంది. ఆగస్టులో అడవి మంటల పొగ కూడా ఉండవచ్చు. సాల్బుటమాల్ ఇన్‌హేలర్, అక్కడ ఆల్బుటెరాల్ అంటారు, కొత్తది రాయించుకోండి. అది వ్యాన్లో కాదు, పరుగెత్తేటప్పుడు అతని నడుం సంచిలో ఉండాలి. పరుగుకు 15 నిమిషాల ముందు వాడాలా అన్నది అతని డాక్టరు చెబుతారు. గాలి నాణ్యత సూచీ 150 దాటితే అతను పరుగెత్తకూడదు.

పులిహోర తీసుకెళ్లండి. మామూలు అన్నంలో వేడికి చావని బ్యాక్టీరియా విత్తులుంటాయి, అవి బయట 2 గంటలు దాటితే పెరుగుతాయి. చింతపండు పులుపు కొంత ఆపుతుంది, పూర్తిగా కాదు. చిన్న డబ్బాల్లో వేసి ఐస్ పెట్టెలో పెట్టండి. పెరుగన్నం కూడా అంతే. పరుగు ముగిసిన గంటలోపు తినండి, తర్వాతి పరుగుకు 2 గంటల ముందు ఆపండి. అప్పుడు అరటిపండు, బ్రెడ్డు చాలు. నూనె తేలే కూరలు, పప్పు, పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ బజ్జీ ఆ 30 గంటలకు వద్దు.

మోకాలి పట్టీ ఇంతకుముందు శిక్షణలో వాడి అలవాటుంటేనే వేసుకోండి. పోటీ రోజు కొత్తగా వేసుకుంటే చర్మం రాసుకుపోతుంది.