టెక్ సందేహాలు: ముందు పిల్లల చేతిలోని ఫోన్ చూడండి, తర్వాతే యాప్

పదో తరగతి పిల్లలు పద్నాలుగు మందికి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతున్నాను. పాత ల్యాప్‌టాప్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నాయి. డిజిటల్ పలక (దాని మీద పెన్నుతో రాస్తే కంప్యూటర్ తెర మీద కనబడేది) కొనమని కొందరు, ఫలానా యాప్ వాడమని కొందరు అంటున్నారు. ఏవి తీసుకోవాలి?
– రిటైరైన లెక్కల మాస్టారు, బ్రాడీపేట, గుంటూరు

మాస్టారూ, ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు ఆ పద్నాలుగు ఇళ్లకూ ఫోన్ చేసి, పిల్లలు ఎవరి ఫోన్‌లో క్లాసు వింటున్నారో, రోజుకు ఎంత డేటా వస్తుందో కనుక్కోండి. చాలా ఇళ్లలో అది అమ్మ ఫోనే. కిందటేడు మా మేనకోడలు ట్యూషన్ వింటుంటే పక్కన కూర్చున్నాను. పాఠానికి ఒక యాప్, హాజరుకు ఇంకొకటి, పరీక్షకు మరొకటి. మధ్యలో స్టోరేజ్ నిండిపోయి ఫోన్ మొండికేసింది. మళ్లీ తెరుచుకునేసరికి సార్ రెండో లెక్కలో ఉన్నారు, పిల్ల కళ్లలో నీళ్లు. అందుకే చెబుతున్నాను, ఆ పద్నాలుగింటిలో అన్నిటికంటే పాత ఫోన్‌లో ఏది సాఫీగా నడుస్తుందో అదే మీకు సరైన యాప్.

మీకు గూగుల్ మీట్ చాలు. ఉచిత ఖాతాలో 100 మంది దాకా చేరవచ్చు, ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలు నడుస్తుంది. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలే. వర్గ సమీకరణాలు చెబుతుండగా మధ్యలో కట్ అయితే మళ్లీ అందరినీ కూడగట్టడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు.

ఇక రాయడం. డిజిటల్ పలక మంచిదే, కానీ చెయ్యి ఒకచోట, చూపు ఇంకోచోట ఉంటాయి కాబట్టి అలవాటు పడటానికి రోజులు పడుతుంది. నలభై ఏళ్లుగా కాగితం మీద కదిలిన చేతిని అలాగే కదలనివ్వండి. టేబుల్ మీద సమాన ఎత్తులో రెండు పుస్తకాల దొంతరలు పెట్టి, వాటి మీద వంతెనలా రెండు చెక్క స్కేళ్లు వేయండి. ఫోన్‌ను వాటి మీద బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి, వెనక కెమెరా స్కేళ్ల మధ్య సందులోంచి కిందికి చూసేలా సర్దండి. కింద తెల్ల కాగితం. మామూలు బాల్‌పెన్ గీత చిన్న స్క్రీన్ మీద కనబడదు, నల్ల స్కెచ్ పెన్ వాడండి. కుడిచేత్తో రాస్తారు కాబట్టి లైటు ఎడమ వైపు ఉండాలి, లేకపోతే మీ చేతి నీడే అంకెల మీద పడుతుంది. ఫోన్‌లో ఆటో రొటేట్ ఆపేయండి.

ల్యాప్‌టాప్‌తో పాటు ఈ ఫోన్ కూడా అదే మీట్ లింకులో చేరాలి. ఫోన్ మైకు ఆపి, సౌండ్ పూర్తిగా తగ్గించండి, లేకపోతే మీ మాట మీకే ప్రతిధ్వనిస్తుంది. కాగితం కనిపించే వీడియోను పిన్ చేసుకోమని, అంటే తెర మీద అదే పెద్దగా నిలిచేలా పెట్టుకోమని పిల్లలకు చెప్పండి.

హోంవర్క్ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో వద్దు. ఎవరి కాగితం ఎవరిదో తేలదు, పైగా ఒకరి తప్పులు అందరూ చూస్తారు. ఆ వయసు పిల్లలకు అది చాలా గుచ్చుకుంటుంది. గూగుల్ క్లాస్‌రూమ్ మామూలు జీమెయిల్‌తోనూ వాడుకోవచ్చు, ఎవరి కాగితం వాళ్ల పేరు కింద మీకు మాత్రమే చేరుతుంది. బిట్లకు గూగుల్ ఫామ్స్‌లో క్విజ్ పెడితే మార్కులు అదే వేస్తుంది. స్టెప్పులకు మాత్రం మీరే దిద్దాలి, లెక్కల్లో అసలు చదువు అక్కడే ఉంది.

న్యూజెర్సీలో ఉన్న పాపకు వీణ నేర్పుతున్నాను. తను మీటు వేస్తే నాదం మధ్యలోనే తెగిపోతోంది. నెట్ బాగానే ఉంది. ఏం చేయాలి?
– వీణ టీచర్, సత్యనారాయణపురం, విజయవాడ

నెట్ తప్పు కాదమ్మా. వీడియో కాల్ యాప్‌లు మాట కోసం తయారైనవి. ఆగకుండా వచ్చే శబ్దాన్ని ఫ్యాన్ మోత అనుకుని అణిచేస్తాయి, దాంతో తీగ కార్వ (మీటాక సాగే నాదం), శ్రుతి రెండూ పోతాయి. జూమ్‌లో ఆడియో సెట్టింగ్స్‌కు వెళ్లి ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజిషియన్స్’ ఆన్ చేయాలి. ఇది మీ వైపు ఒక్కటే చేస్తే సరిపోదు. పాప వీణ మీకు సరిగా వినిపించాలంటే పాప వైపు కూడా ఆన్ కావాలి, ఇద్దరూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలి.

శబ్దం అటూ ఇటూ వెళ్లడానికి కొంత సమయం పడుతుంది కనుక ఇద్దరూ కలిసి వాయిస్తే తాళం కుదరదు. మీరు ఒక వరుస వాయించి ఆగండి, తర్వాత పాప వాయిస్తుంది. శ్రుతి పెట్టె ఎవరి దగ్గర వారిది. ఇంకో సంగతి: మన ఉదయం 6:30 అక్కడ వేసవిలో ముందురోజు రాత్రి 9, చలికాలంలో 8. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారం మారుతుంది. ఆ వారం క్లాసు ముందు వాళ్ల అమ్మగారికి ఒక మెసేజ్ పెట్టండి.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ వైఫై ఆగిపోతోంది. ఇన్వర్టర్ కొనాలా?
– ఇంగ్లిష్ టీచర్, మంగళగిరి

అక్కర్లేదు. రూటర్‌కు పెట్టే మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా దాన్ని నడిపే చిన్న బ్యాటరీ పెట్టె, దొరుకుతుంది. కొనేముందు మీ రూటర్ అడాప్టర్ మీద ముద్రించిన వోల్టేజ్ చూడండి. యూపీఎస్ వోల్టేజ్ సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండవచ్చు. ఫైబర్ కనెక్షన్‌కు రూటర్ కాక ఇంకో చిన్న పెట్టె విడిగా ఉంటే, దానికీ బ్యాకప్ కావాలి. షాపుకు రెండు అడాప్టర్లూ చేత్తో పట్టుకెళ్లండి.