కాళ్లు నేల వదిలినా పరుగు ఆపొద్దు

ప్రశ్న: దసరా సెలవుల్లో కుటుంబంతో నేపాల్‌లోని పోఖరా వెళ్తున్నాం. అక్కడ పైలట్‌తో కలిసి ఎగిరే టాండెమ్ పారాగ్లైడింగ్ చేయాలని ఉంది. వయసు 42, బరువు 68 కిలోలు. గుట్ట మీది నుంచి దూకాలంటేనే గుండె దడదడలాడుతోంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇందులో దూకేది లేదండీ, పరుగెత్తేదే ఉంది. అక్కడ ఎగిరేది సారంగ్‌కోట్ వైపు గుట్టల మీది నుంచి, ఎత్తు సుమారు 1,600 మీటర్లు. కింద ఊరు, ఫేవా చెరువు సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంటాయి. వాలు మీద పరిచిన వింగ్, అంటే గుడ్డ రెక్క, గాలి నింపుకొని తల మీదికి లేస్తుంది. మీరిద్దరూ వాలులో పరుగెత్తితే అదే మిమ్మల్ని ఎత్తుకుంటుంది.

ఆ లేచే క్షణంలో వింగ్ మిమ్మల్ని గట్టిగా వెనక్కి గుంజుతుంది. కొత్తవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు, లేదా వెనక సీటుంది కదా అని కూర్చుంటారు. అలా కూర్చుంటే మీ బరువు పైలట్ మీద పడుతుంది, వేగం చాలదు, ఇద్దరూ వాలులో జారిపడతారు. చీలమండ మెలిపడేది, నడుము కింద దెబ్బ తగిలేది ఇలాగే. బరువున్న బండిని లాగుతున్నట్టు ఛాతీ ముందుకు వంచి అడుగులెయ్యండి. పాదాలు తేలాక కూడా గాలిలోనే పరుగెత్తుతూ ఉండండి, ఎందుకంటే వింగ్ ఒక్కోసారి లేపి మళ్లీ నేలకు తాకిస్తుంది. పైలట్ ‘దౌడో’ అన్నంతసేపూ పరుగే. ‘బైఠో’ అన్నాకే మోకాళ్లు ఎత్తి వెనక్కి జరగాలి.

దీనికంటే ముఖ్యమైంది తొడ పట్టీలు. అవి పెట్టకపోయినా హార్నెస్ (మిమ్మల్ని వింగ్‌కు కట్టి ఉంచే పట్టీల సీటు) భుజాలకు బ్యాగులా వేలాడుతూనే ఉంటుంది కాబట్టి నేల మీద తేడా తెలియదు. గాలిలోకి లేచాకే ఒళ్లు కిందికి జారుతుంది. అందుకే ఎడమ తొడ, కుడి తొడ, ఛాతీ, హెల్మెట్ అనుకుంటూ ఒక్కో బకిల్‌నూ మీ చేత్తో పట్టుకుని గుంజి చూసుకోండి. జాకెట్ సర్దుకోవడానికో ఫొటోకో ఒక్కటి విప్పినా మళ్లీ మొదటి నుంచి చూడాలి. పైలట్ చూశాడు కదా అని ఊరుకోవద్దు.

ప్యాంటు, మడమ కదలని బూట్లు వేసుకోండి. లేసులు కొక్కేలకు చుట్టే బూట్లయితే వింగ్‌కుండే సన్నటి తాళ్లు చిక్కుకుంటాయి. చున్నీ వద్దు. నల్లపూసలు, గొలుసు బట్టల లోపలికి వేసుకోండి. పైన చల్లగా ఉంటుంది, పల్చటి జాకెట్ తప్పనిసరి. దిగేటప్పుడు పైలట్ నిలబడమంటే నిలబడి నాలుగడుగులు పరుగెత్తండి, కాళ్లు ముందుకు చాపమంటే చాపి కూర్చోండి. పడతామేమోనని చెయ్యి మాత్రం వెనక్కి ఆనించకండి, మణికట్టు విరుగుతుంది.

ప్రశ్న: మేడారం జాతరలో హెలికాప్టర్ ఎక్కితేనే కడుపులో తిప్పింది. నేను పారాగ్లైడింగ్ చేయొచ్చా?
– ములుగు పాఠకుడు

జవాబు: చేయొచ్చు. ఎండకు వేడెక్కిన వాలు నుంచి పైకి లేచే గాలిని థర్మల్ అంటారు. దాన్ని పట్టుకోవడానికి పైలట్ గుండ్రంగా తిరుగుతాడు, కడుపులో తిప్పేది ఆ తిరుగుళ్లకే. మధ్యాహ్నం థర్మల్స్ బలంగా ఉండి కుదుపులు ఎక్కువవుతాయి కాబట్టి పొద్దున మొదటి ఫ్లైట్ అడగండి. ఖాళీ కడుపుతో పోవద్దు. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలంత తినండి, పాలు, నూనె వస్తువులు మానండి. పైన ఫోన్ చూడకుండా దూరంగా 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే శిఖరం మీద చూపు నిలపండి. చివర్లో సరదాకి గిరగిరా తిప్పే స్పైరల్ వద్దని ఎగరకముందే చెప్పాలి. వాంతి మాత్ర వేసుకోవాలనుకుంటే మీ డాక్టర్ని అడిగి వేసుకోండి.

ప్రశ్న: అరగంట అని డబ్బు కట్టించుకుని పది పన్నెండు నిమిషాల్లో దించేస్తే అది మోసం కాదా?
– మంచిర్యాల పాఠకుడు

జవాబు: ప్రతిసారీ కాదు. థర్మల్ దొరకకపోతే టాండెమ్ వింగ్ సెకనుకు సుమారు 1.2 మీటర్ల చొప్పున కిందికి దిగుతూనే ఉంటుంది. 800 మీటర్లు దిగడానికి పదకొండు నిమిషాలు చాలు. పొద్దున పూట కుదుపులు తక్కువ, కానీ ఎగిరే సమయమూ తక్కువే. గాలి చాలకపోతే ఏం చేస్తారో, ఎగరడమే కుదరకపోతే డబ్బు ఎలా తిరిగిస్తారో కట్టే ముందే అడగండి. గాలి ఎక్కువైనా, కొండను మబ్బు కమ్మినా పైలట్ వద్దంటాడు. అలాంటప్పుడు బతిమాలకండి. పోఖరాలో ఒక రోజు అదనంగా పెట్టుకుంటే ఆ ఒత్తిడే ఉండదు. అన్నట్టు, సరిహద్దు దాటడానికి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ దగ్గరుంచుకోండి. 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకు ఆధార్ ఒక్కటే చాలదు.

ప్రశ్న: మన వైపు ఇన్ని గుట్టలుండగా ఇక్కడే ఎందుకు ఎగరకూడదు?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: ఎత్తు చాలదు. 100 మీటర్ల గుట్ట మీది నుంచి లేస్తే పై లెక్క ప్రకారం నిమిషంన్నరలో నేల మీదుంటారు. పైగా మన గుట్టల నిండా బండలు, తుప్పలే. వింగ్ పరవడానికి చదునైన వాలు, కింద కరెంటు తీగలు లేని ఖాళీ మైదానం రెండూ ఒకేచోట దొరకడం కష్టం.