జీన్స్ ప్యాంటుతో బ్యాగు... ఇది బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఇంజినీరింగ్ వద్దంటోంది. రోజంతా కుట్టు మిషన్ దగ్గరే. పాత జీన్స్‌తో బ్యాగులు, నా పాత పట్టుచీరలతో కుషన్ కవర్లు కుడుతోంది. తెలిసినవాళ్లు బ్యాగు 150 రూపాయలకు కొంటున్నారు. వాళ్ల నాన్నకు మాత్రం ఒకటే టెన్షన్, ‘పాతబట్టలు కుట్టుకుని బతుకుతుందా’ అని. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ 150 రూపాయల సంగతి చూద్దాం. ప్యాంటు ఊరికే వచ్చింది. జిప్పు, లైనింగ్, దారం కలిపి 50 అయ్యాయనుకోండి. కుట్లు విప్పి, ఉతికి, ఇస్త్రీ చేయడానికి గంటన్నర. కత్తిరించి కుట్టడానికి ఇంకో రెండున్నర గంటలు. నాలుగు గంటల పనికి మిగిలింది వంద, అంటే గంటకు 25 రూపాయలు. ఆ టైములో చీరలకు ఫాల్, పికో చేసినా ఇంతకంటే ఎక్కువే వస్తుంది. ఆయన బెంగలో నిజముంది. కాకపోతే తప్పు పాతబట్టది కాదు, లెక్కది.

పాతబట్టతో అసలు చిక్కు ఏమిటంటే ఏ రెండూ ఒకలా ఉండవు. ఒక ప్యాంటు మోకాళ్ల దగ్గర పలచబడి ఉంటుంది, ఇంకోటి సాగే గుడ్డ. ప్రతిసారీ కొలతలు మొదటి నుంచీ వేసుకోవాలి. ‘ఇలాంటివే ఇరవై కావాలి’ అని ఎవరైనా అడిగితే చేతులెత్తేయాలి. అందుకే ఈ పనిలో నిలదొక్కుకునేవాళ్లు ఒకేలాంటి సరుకు మళ్లీ మళ్లీ దొరికే చోటు వెతుక్కుంటారు. బొటిక్‌లలో మిగిలే కట్ పీసులు ఒక దారి. సోఫా, కర్టెన్ల షాపుల్లో గుడ్డ శాంపిళ్ల పుస్తకాలుంటాయి చూడండి, డిజైన్లు మారగానే అవి మూలన పడతాయి. అందులో ముక్కలన్నీ ఒకే సైజు, గుడ్డ కూడా మందంగా ఉంటుంది. పర్సులకూ పౌచ్‌లకూ అంతకంటే ఏం కావాలి? విజయవాడలోని వస్త్రలత బట్టల మార్కెట్ మీకు దగ్గరే, ఓసారి తీసుకెళ్లండి. జీన్స్, పట్టుచీరల పని మానేయమని కాదు. అవి విడి ముక్కలుగా, ఆర్డర్ మీద, ఎక్కువ ధరకు అమ్మాల్సినవి. పెళ్లినాటి చీరతో కుషన్లు కుట్టించుకునేవాళ్లు 150 దగ్గర బేరమాడరు.

ఇక చేతిపని. ఇలాంటి పిల్లలు నా దగ్గరికొస్తే బ్యాగును లోపలివైపు తిప్పి చూపించమంటాను. బయట అందరూ బాగానే కుడతారు. లోపల అంచులు పీచులు లేస్తున్నాయా, హ్యాండిల్ అతికినచోట చదరంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేసిందా, లేక ఒక్క వరసతో సరిపెట్టిందా? జీన్స్ నాలుగు మడతలు కలిసేచోట ఇంట్లో వాడే మిషన్ కుట్లు వదిలేస్తుంది. అక్కడ ఏం చేస్తున్నావని మీ అమ్మాయిని అడగండి. ‘16 నంబరు సూది వేసి, మడతను సుత్తితో కొట్టి, చక్రం చేత్తో తిప్పుతా’ అంటే ఆ పిల్ల పని నేర్చుకుంటున్నట్టే. ‘సూదులు విరుగుతున్నాయి’ అంటే ఇంకా మొదట్లోనే ఉంది.

చదువు మాటకొస్తే, హైదరాబాద్ మాదాపూర్‌లో నిఫ్ట్ అని ఫ్యాషన్, డిజైన్ చదువుల జాతీయ సంస్థ ఉంది. డిజైన్ డిగ్రీ నాలుగేళ్లు, ఇంటర్ ఏ గ్రూపైనా ఫరవాలేదు. టెక్స్‌టైల్, యాక్సెసరీ డిజైన్లు మీ అమ్మాయికి సరిగ్గా సరిపోతాయి. రాతపరీక్ష తర్వాత సిచ్యువేషన్ టెస్ట్ అని ఒకటి పెడతారు, ఇచ్చిన వస్తువులతో అక్కడికక్కడే ఒక నమూనా చేసి చూపాలి. పాత ప్యాంటును బ్యాగుగా ఊహించగల పిల్లకు అది భయపడాల్సిన పరీక్ష కాదు. ఫీజు మాత్రం బరువే, ముందే కనుక్కుని ఆలోచించండి. అంత పెట్టలేమనుకుంటే ఐటీఐలో సూయింగ్ టెక్నాలజీ అని కుట్టుపని నేర్పే ఏడాది కోర్సు ఉంది. పక్కన దూరవిద్యలో డిగ్రీ చదివిస్తే ఆయనా కాస్త శాంతిస్తారు. పెద్ద మిషన్ కొనాల్సి వచ్చినప్పుడు చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలో ‘శిశు’ విభాగం కింద 50 వేల వరకు తాకట్టు లేకుండా బ్యాంకు రుణం అడగవచ్చు. ఇప్పుడే వద్దు, అప్పు తర్వాత.

ఇప్పటికి ఒక నోటుబుక్కు కొనివ్వండి. మూడు నెలల పాటు కుట్టిన ప్రతి వస్తువుకూ ఎన్ని గంటలు, ఎంత ఖర్చు, ఎంతకు అమ్మింది, ఎవరు కొన్నారు అన్నీ రాయమనండి. బంధువులు కొన్నవి విడిగా రాయాలి, మొహమాటానికి కొన్నవి లెక్కలోకి రావు. తర్వాత ఆ పుస్తకం వాళ్ల నాన్న ముందు పెట్టి, ముగ్గురూ కలిసి మాట్లాడుకోండి.

ఇంకోమాట. ఈసారి పట్టుచీర ఇచ్చేముందు మడతల దగ్గర వెలుతురుకు ఎత్తి చూడండి. జరీ చిట్లినచోట వెనక గుడ్డ అతికించకుండా కుడితే కుషన్ నెలలోనే నోరు తెరుస్తుంది. మళ్లీ కట్టుకుంటానేమో అనిపించే చీరలైతే బీరువాలోనే ఉంచి తాళం వేసుకోండి, ఈ వయసు పిల్లల కత్తెరకు కనికరం ఉండదు!