సార్వా గడ్డి గ్యాస్ ప్లాంటుకు ఇవ్వవచ్చా?

సందేహం: మాది పశ్చిమ గోదావరి జిల్లా. అయిదెకరాల సొంత పొలం. సార్వాలో (ఖరీఫ్) స్వర్ణ, దాళ్వాలో (రబీ) ఎం.టి.యు. 1121 వరి వేస్తాను. రెండూ యంత్రంతోనే కోయిస్తాను. రెండు పాడి గేదెలున్నాయి. వరిగడ్డితో గ్యాస్ తయారు చేసే ప్లాంటు తరఫున ఒక మధ్యవర్తి వచ్చి, రెండు పంటల గడ్డీ మూడేళ్లపాటు తమకే ఇచ్చేలా ఒప్పందం రాయమంటున్నారు. కట్టలు కట్టి తీసుకెళ్లే ఖర్చు వాళ్లదేనట. టన్నుకు ఇంతని డబ్బు ఇస్తారు, ప్లాంటులో మిగిలిన ఎరువు కూడా తిరిగి ఇస్తామంటున్నారు. దాళ్వాకు వ్యవధి చాలక సార్వా గడ్డిని నేను తగలబెడుతున్న మాట నిజం. పర్యావరణానికి ఇదే మేలని వాళ్లు చెబుతున్నారు. ఒప్పుకోవచ్చా?

సమాధానం: మూడేళ్ల కాగితం మీద సంతకం పెట్టకండి. సార్వా గడ్డిలో మీ గేదెలకు పోగా మిగిలింది ఇవ్వండి. దాళ్వా గడ్డిని మాత్రం పొలం దాటనివ్వకండి.

ముందు లెక్క చూద్దాం. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండితే గడ్డి కూడా దాదాపు అంతే బరువు, అంటే రెండు టన్నుల పైచిలుకు ఉంటుంది. కోత యంత్రం అడుగెత్తు కొయ్యకాళ్లు వదిలేస్తుంది కాబట్టి బేలర్ (గడ్డిని కట్టలు కట్టే యంత్రం) చుట్టుకుపోయేది సుమారు టన్నున్నర. టన్ను వరిగడ్డిలో నత్రజని 5 నుంచి 8 కిలోలు, భాస్వరం రెండు కిలోల మాట, పొటాష్ 14 నుంచి 20 కిలోలు ఉంటాయి. సిలికాన్ 40 నుంచి 70 కిలోలు. పొటాష్ సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. వరి పైరు నేలనుంచి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలోకి వెళ్లదు, గడ్డిలోనే ఉండిపోతుంది. టన్నున్నర గడ్డి గట్టు దాటిందంటే 21 నుంచి 30 కిలోల పొటాష్, అంటే కొట్లో దొరికే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు లెక్కన 35 నుంచి 50 కిలోలు, ఎకరాకు ఇంచుమించు ఒక బస్తా, దానితో వెళ్లినట్టే. పైగా అరబస్తా యూరియా. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంది కనుక ఆ నష్టం మీ కంటికి ఆనదు. పొటాష్ అలా కాదు. మనం వాడే మ్యూరేట్ అంతా విదేశాలనుంచి ఓడల్లో రావాల్సిందే. మీ ఊరి కొట్లో ఈ రోజు పొటాష్ బస్తా ధర ఎంతో కనుక్కొని, దానికి అరబస్తా యూరియా ఖరీదు కలపండి. ఎకరా గడ్డికి ఆ మొత్తం కూడా రాకపోతే మీరు గడ్డి అమ్ముతున్నట్టు కాదు, ఎరువు దానం చేస్తున్నట్టు.

తగలబెట్టినా నష్టమే, పైగా చేతికి పైసా రాదు. గడ్డిలోని కర్బనం, నత్రజని దాదాపు పూర్తిగా గాలిలో కలిసిపోతాయి. భాస్వరంలో పావు వంతు, పొటాష్‌లో అయిదో వంతు పోతాయి. మిగిలిన బూడిద గాలికి గట్టు మీదికి ఎగిరిపోకుండా ఉంటే అదృష్టం. గట్టు మీద కొబ్బరి చెట్లున్నవాళ్లకు మంటల సంగతి వేరే చెప్పక్కరలేదు. కాబట్టి తగలబెట్టడంతో పోలిస్తే మధ్యవర్తి చెప్పిన మాట నిజమే. అయితే రైతు ముందున్నవి ఆ రెండు దారులేనా?

మీ గేదెల వైపునుంచి చూద్దాం. ఒక గేదె రోజుకు ఏడు కిలోల ఎండుగడ్డి తింటుందనుకుంటే రెండింటికీ ఏడాదికి అయిదు టన్నులు కావాలి. అయిదెకరాల సార్వాలో బేలర్‌కు దొరికేది ఏడున్నర టన్నులు. అంటే మీ దగ్గర నిజంగా అమ్మకానికి ఉన్నది రెండున్నర టన్నులు. ప్లాంటుకు మొత్తం అప్పగించి, వేసవిలో పాల డబ్బుతో గడ్డి కొనుక్కోవడం కంటే తెలివితక్కువ పని లేదు. సార్వా కోత సమయంలో తుఫాను పట్టి గడ్డి తడిసిందనుకోండి, దాన్ని మేటు (గడ్డివామి) వేయకండి. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు తోక, చెవులు, కాళ్ల చివరలు కుళ్లిపోయే డెగ్నాలా వ్యాధి వస్తుంది. అలాంటి ఏడాది మేటుకు కావలసిన గడ్డి దాళ్వాలోంచి తీసుకోండి. మూడేళ్ల ఒప్పందం వద్దనడానికి ఇది ఒక కారణం.

సార్వా గడ్డి మిగులు ఇవ్వమని ఎందుకు అంటున్నానంటే, దాన్ని పొలంలోనే దున్నడానికి మీకు నిజంగానే వ్యవధి లేదు. డిసెంబరులో కోసి జనవరిలో ఊడ్చే పొలంలో పచ్చిగా ఉన్న గడ్డిని దమ్ములో (నీరు పెట్టి బురదగా దున్నేటప్పుడు) తొక్కితే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే లాక్కుంటాయి. ఊడ్చిన రెండు మూడు వారాలపాటు నారు పసుపు పచ్చగా, గిడసబారి కనిపిస్తుంది. కాలితో తొక్కితే బుడగలు లేస్తాయి, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ బుడగల్లో ఎక్కువ భాగం మీథేన్. వందేళ్ల లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. గ్యాస్ ప్లాంటు చేసేదీ అదే పని. గాలి చొరబడని ట్యాంకులో అదే రకం సూక్ష్మజీవులతో గడ్డిని కుళ్లబెట్టి, ఆ మీథేన్‌నే పట్టి శుద్ధి చేసి అమ్ముకుంటుంది. నిండా నీరు నిలిపిన దమ్ములో పచ్చిగడ్డి తొక్కడం కంటే మూసిన ట్యాంకులో వేయడం వాతావరణానికి కచ్చితంగా మేలు. ట్యాంకునుంచి వచ్చిన మడ్డిని తెరిచిన గుంటల్లో నిలవ పెడితే మాత్రం అక్కడా మీథేన్ లీకవుతుంది, ఊరంతా వాసన. లూథియానా జిల్లాలో 2024లో కొన్ని గ్రామాలవారు ఇలాంటి ప్లాంట్లు మూయాలని ధర్నాలు చేశారు. ప్లాంటు మీకు దగ్గర్లోనే ఉంటే ఒకసారి వెళ్లి గుంటలు మూసి ఉన్నాయో లేదో కళ్లారా చూసి రండి.

గ్యాస్ ఎంత వస్తుందంటారా? పంజాబ్‌లో సంగ్రూర్ జిల్లా లెహ్రాగాగా దగ్గర 2022లో మొదలైన ప్లాంటును రోజుకు 300 టన్నుల గడ్డితో సుమారు 33 టన్నుల గ్యాస్ తీసేలా కట్టారు. ఆ లెక్కన మీ రెండున్నర టన్నులనుంచి 275 కిలోలు వస్తుంది. బరువు ప్రకారం ఇంట్లో వాడే సిలిండర్లు 19. తక్కువేమీ కాదు.

ఇక వాళ్లు తిరిగి ఇస్తామంటున్న ఎరువు. ఇక్కడే చాలామంది రైతులు మోసపోయే అవకాశం ఉంది. ట్యాంకునుంచి వచ్చిన మడ్డిని పిండి గట్టి ఎరువు, ద్రవ ఎరువు అని వేరు చేస్తారు. పొటాష్ నీటిలో కరిగేది కాబట్టి ఎక్కువ భాగం ద్రవంతో వెళ్లిపోతుంది. మీ ఊరికి లారీలో వచ్చేది గట్టి ఎరువు. ద్రవాన్ని దూరం మోయడం గిట్టుబాటు కాదు కనుక ప్లాంటు చుట్టుపక్కల పొలాలకే ఇస్తారు. మొత్తానికి మీ పొటాష్ పక్క ఊరి పాలవుతుంది. గట్టి ఎరువు చెడ్డదని కాదు, నేల గుల్లబారడానికి అది బాగా పనికొస్తుంది. గడ్డికి బదులుగా వచ్చిందనుకొని పొటాష్ మానేస్తే మాత్రం రెండు మూడేళ్లలో ఆకుల కొనలు ఎండి, పైరు పడిపోవడం మొదలవుతుంది. తీసుకునే ముందు పరీక్ష నివేదిక అడగండి. ప్లాంటులో గడ్డి ఒక్కటే వేస్తున్నారా, కోళ్ల పెంట, పట్టణ చెత్త కూడా కలుపుతున్నారా అని అడగండి. చెత్త కలిపితే ఆ ఎరువులో గాజు పెంకులు, ప్లాస్టిక్ ముక్కలు వస్తాయి, భార లోహాల భయం కూడా ఉంటుంది. అమోనియా ఘాటు కొడుతుంటే దాన్ని ఎండిన నేల పైన చల్లి వదిలేయకండి, వెంటనే దున్నేయండి.

గడ్డి నిజంగా గ్యాస్ ప్లాంటుకే వెళ్తుందా అన్నది కూడా తేల్చుకోండి. థర్మల్ కేంద్రాల్లో బొగ్గుతో పాటు 5 శాతం వ్యవసాయ వ్యర్థాల గుళికలు కాల్చాలని కేంద్రం 2021లో విధానం మార్చినప్పటినుంచి గుళికల తయారీదారులూ గడ్డి కోసం ఊళ్ల మీద పడుతున్నారు. బొగ్గు వాడకం తగ్గడం మంచిదే. కాని అక్కడ కాలిన గడ్డి బూడిద బొగ్గు బూడిదతో కలిసిపోతుంది, మళ్లీ పొలానికి రాదు. అలా అయితే ధర ఇంకాస్త ఎక్కువ అడగాలి.

దాళ్వా గడ్డి ఎందుకు వద్దన్నానంటే, ఏప్రిల్‌లో కోసిన తర్వాత సార్వా ఊడ్పుల దాకా మీకు రెండు నెలలు పైగా వ్యవధి ఉంటుంది. ఆ గడ్డిని పొలంలోనే పరచి ఉంచండి. తొలకరి పదునుకు ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి రోటవేటర్‌తో కలియదున్నండి. నీరు పెట్టడానికి కనీసం మూడు వారాల ముందు ఈ పని అయిపోవాలి. గాలి ఆడే నేలలో చివికిన గడ్డినుంచి మీథేన్ చాలా తక్కువ వస్తుంది, నారు పసుపు పచ్చబడే బాధా ఉండదు. పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లే అలవాటుంటే రెండూ కలిపి దున్నితే మరీ మంచిది. ఒక్క మినహాయింపు: పాముపొడ తెగులు ఎక్కువగా వచ్చిన మడి ఉంటే ఆ గడ్డి మాత్రం ఇచ్చేయండి. తెగులు తెచ్చే శిలీంధ్రపు గింజల్లాంటి ముద్దలు ఆ గడ్డిలోనే నిద్రపోతూ మళ్లీ సార్వాకు లేస్తాయి.

బేలర్ వచ్చిన రోజు దగ్గరుండండి. నేల తడిగా ఉంటే మడిలోకి దిగనివ్వకండి. మన డెల్టా నల్లరేగడిలో ఆ బరువుకు పడిన గాడి దమ్ములో కూడా సర్దుకోదు. కొయ్యకాళ్లు అడుగెత్తు వదలమని కోత యంత్రం డ్రైవరుకు ముందే చెప్పండి. కట్టలకు చుట్టేది ప్లాస్టిక్ తాడు. తెగిన ముక్కలు పొలంలో, మేటులో మిగిలిపోతే గేదె కడుపులోకి పోతాయి. వాటిని ఏరించి పంపే పూచీ బేలర్ వాళ్లదేనని మాట తీసుకోండి.

మేటు వేసే గడ్డిలో కొంత యూరియాతో మాగవేసుకుంటే పాలకు పనికొస్తుంది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీరు. పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి తగలకుండా కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక వాసన పోయేలా కాసేపు ఆరబెట్టి వేయండి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకండి. యూరియా కలిపిన నీళ్ల తొట్టి దగ్గరికి గేదెలను పోనివ్వకండి.