దుబాయ్ జాబ్‌కి దసరా అయ్యాక వెళ్తే ట్యాక్స్ ఎక్కువ పడుతుందా?

అమ్మా, బెంగళూరు మారతహళ్లి నుంచి మీరు పెట్టిన మెసేజ్ రెండుసార్లు చదివా. మీవాడు ఇక్కడ ఏడాదికి 34 లక్షల ప్యాకేజీలో చేస్తున్నాడు, దుబాయ్‌లో నెలకి 20,000 దిర్హమ్‌ల ఆఫర్ వచ్చింది, జాయినింగ్ సెప్టెంబర్‌లో అయినా అక్టోబర్ ఆఖర్లో అయినా పర్లేదన్నారు. మీకేమో దసరాకి పిల్లాడు ఇంట్లో ఉండాలని, పక్కింటాయనేమో వీసా చేతికొచ్చాక ఎన్నారై అయిపోయినట్టే, ఎప్పుడెళ్తే ఏంటి అన్నారని. ఇదేగా?

నేను సీఏని కాదు, కానీ జాయినింగ్ డేట్ అనేది నా సబ్జెక్టే కాబట్టి చెప్తా. వీసా చూసి ఎవరూ ఎన్నారై అనరు, రోజులు లెక్కపెడతారు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు మన దేశంలో 182 రోజులు ఉన్నాడంటే ఆ ఏడాదికి రెసిడెంటే, అంటే ఎన్నారై కాదు. ఇంకో రూల్ కూడా ఉంది, ఆ ఏడాది 60 రోజులు, ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉన్నా రెసిడెంటే, కానీ ఉద్యోగం కోసం బయటికెళ్లే మన సిటిజన్‌లకి ఆ 60ని కూడా 182 చేశారు, అందుకే మీవాడికి ఆ ఒక్క నంబర్ గుర్తుంటే చాలు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం వచ్చి ప్రీవియస్ ఇయర్ అన్న మాట పోయి ట్యాక్స్ ఇయర్ అయింది గానీ ఈ రోజుల లెక్క మాత్రం మారలేదు.

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జులై 31, ఆగస్టు 31, అంటే 153. సెప్టెంబర్ 28న ఎక్కితే 181, 29న ఎక్కితే 182. ఆ ఒక్క రోజుతో ఏమవుద్దంటే, రెసిడెంట్‌కి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించాలి, కాబట్టి మార్చి దాకా దుబాయ్‌లో వచ్చే ఆర్నెల్ల జీతం, మన లెక్కలో పాతిక లక్షల పైనే, ఇక్కడి జీతం మీద కలిసి 30 శాతం స్లాబ్‌లోకి వెళ్లిపోద్ది. జర్మనీయో అమెరికానో అయితే అక్కడ కట్టిన ట్యాక్స్‌ని ఇక్కడ తగ్గించుకోవచ్చు, దుబాయ్‌లో జీతం మీద ట్యాక్సే లేదు కదా, తగ్గించుకోడానికి ఏముంటది? ఏడెనిమిది లక్షలు పోతాయమ్మా, దసరా పట్టుచీర కాదు.

పోనీ 28నే టికెట్ బుక్ చేద్దామంటారేమో, అస్సలొద్దు. పోయినేడు నా దగ్గరికొచ్చిన అబ్బాయి ఒకడు ఇలాగే గీత మీద ప్లాన్ చేశాడు, ఫ్లైట్ తెల్లవారుజామున, 28 రాత్రి పదకొండుకల్లా ఇమిగ్రేషన్ దాటేస్తా అనుకున్నాడు, హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర వానలో ఇరుక్కుని దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్ చేరేసరికి లేటయ్యి, ఎగ్జిట్ స్టాంపు 29న పడింది. చూసేది ఆ స్టాంపే మరి. బయల్దేరిన రోజు కూడా ఇక్కడ ఉన్నట్టే వేసుకోవడం సేఫ్.

మీవాడి విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడి ఆర్నెల్ల జీతమే 17 లక్షలు. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటి, ఏ దేశంలోనూ ట్యాక్స్ కట్టాల్సిన పని లేని ఇండియన్ సిటిజన్‌ని 2020లో తెచ్చిన రూల్ ప్రకారం రోజులతో సంబంధం లేకుండా ‘డీమ్డ్ రెసిడెంట్’ అంటారు. గూగుల్‌లో ఇది చదివి చాలామంది గుండెలు బాదుకుంటారు, అక్కర్లేదు, ఎందుకంటే వాళ్లని ‘నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్’ కింద వేస్తారు, దుబాయ్ జీతం జోలికి రారు. రిటర్న్ వేసేటప్పుడు ఆ స్టేటస్ కరెక్ట్‌గా టిక్ చేయించండి, ఇక్కడ మాత్రం సీఏకి డబ్బులిచ్చినా తప్పులేదు. ఇంకోటి, విజిట్ వీసా మీద వెళ్లి తర్వాత మార్చుకుంటా అంటే వద్దనండి, ఉద్యోగం కోసమే వెళ్లాడు అని చూపించే ఎంప్లాయ్‌మెంట్ వీసా, ఆఫర్ లెటర్ ఉండాలి.

పాప ఎమ్మెస్ సంగతి కూడా అడిగారు. చదువుకెళ్లడం ఉద్యోగం కింద రాదు, ఆగస్టులో వెళ్తే ఆ ఏడాదికి రెసిడెంటే, కానీ తనకి అక్కడ సంపాదన లేకపోతే టెన్షన్ వద్దు. బ్యాంక్ రూల్స్‌లో మాత్రం స్టూడెంట్‌ని వెళ్లగానే నాన్ రెసిడెంట్ అంటారు, అది వేరే చట్టం, రెండూ కలిపేసుకోకండి.

ఇక మీ దసరా. చవితి ఈసారి సెప్టెంబర్ మధ్యలోనే కదా, అది ఇంట్లో చేసుకుని 18న బయల్దేరమనండి, 21న జాయినింగ్ అని హెచ్‌ఆర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టమనండి. 18 దాకా 171 రోజులు. అంటే మార్చి 31 లోపు ఇంకో పది రోజులు ఇక్కడికి రావచ్చు, దిగిన రోజు, ఎక్కిన రోజు కూడా కలిపే. దసరాకి అయిదు రోజులు వాడేస్తే సంక్రాంతికి అయిదే మిగుల్తాయి, ఏ పండక్కి ఎన్ని అనేది మీరూ మీవాడూ తేల్చుకోండి.