కాగితపు కుండీల్లో మొలకలు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

మృగశిర కార్తెకు అటూ ఇటూగా పాదులు పెట్టుకునే రోజులు కావడంతో, పాత దినపత్రికలతో ఇంట్లోనే కుండీలు చేసి విత్తనాలు మొలకెత్తించుకోవడం గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయాన్ని అడిగినవాటిని కలిపి, పొడవైనవాటిని కుదించి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మిద్దెతోటలో బీర, సొర, కాకర పాదులు పెట్టాలని ఉంది. ప్లాస్టిక్ సంచులు వద్దనుకుని కాగితంతో కుండీలు చేస్తే నీళ్ళు పోయగానే విప్పుకుపోతున్నాయి. జిగురు పెట్టాలా? కొలతలు చెప్పగలరా?
పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: జిగురు అవసరం లేదు. మైదా ఉడికించి చేసిన జిగురు తడి తగలగానే ఎలాగూ వదిలిపోతుంది. పైగా అది చీమలకూ బొద్దింకలకూ విందు పెట్టినట్లవుతుంది. కుండీ విప్పుకుపోవడానికి అసలు కారణం చుట్లు చాలకపోవడం, లేదా అడుగున మడిచిన భాగం చిన్నదైపోవడం.

మామూలు దినపత్రికలో ఒక పుట ఇంచుమించు 33 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్లకు కొంచెం పైగా పొడవు ఉంటుంది. తీగజాతి విత్తనాలకైతే ఆ పుటను నిలువునా సగానికి మడవండి. పదహారు సెంటీమీటర్ల వెడల్పున పొడవాటి పట్టీ వస్తుంది. దానిని ఆరు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న స్టీలు గ్లాసుకు చుట్టండి. మడత ఉన్న అంచు గ్లాసు మూతి వైపు, విడి అంచులు అడుగు వైపు ఉండాలి. మూతి దగ్గర మడత ఉంటే కుండీ అంచు త్వరగా చిరగదు. గ్లాసు అడుగు దాటి అయిదు సెంటీమీటర్ల కాగితం మిగిలేలా చూసుకుని, ఆ మిగులును నాలుగు వైపుల నుంచి లోపలికి మడిచి, గ్లాసును బల్ల మీద పెట్టి గట్టిగా అదిమితే అడుగు కుదురుకుంటుంది. ఆ తరువాత గ్లాసును పైకి లాగేయాలి. అడుగు సన్నగా, మూతి వెడల్పుగా ఉండే గ్లాసు సులువుగా బయటికి వస్తుంది కనుక నిలువు సీసాల కంటే అదే మేలు. ఇలా చేసిన కుండీ పదకొండు సెంటీమీటర్ల ఎత్తుంటుంది; గోడకు అయిదారు పొరలు వస్తాయి. అంతకంటే ఎక్కువ పొరలు వేస్తే కుండీ గట్టిగా కనబడుతుంది కానీ వేళ్ళు బయటికి రాలేవు.

టమాటా, వంగ వంటి చిన్న నారుకు అంత కాగితం అనవసరం. పుటను అడ్డంగా రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను మూడు మడతలుగా వేసి, నాలుగున్నర సెంటీమీటర్ల సన్నని గ్లాసుకో సీసాకో చుడితే సరిపోతుంది. స్టేప్లరు పిన్నులు, సెల్లోటేపు వాడవద్దు. అవి మట్టిలో కలవవు. పురికొస కట్టుకుంటే అభ్యంతరం లేదు.

కుండీలను విడివిడిగా నిలబెడితే ఎంత బాగా చుట్టినా వాలిపోతాయి. అంచులున్న ట్రేలో ఒకదానికొకటి ఆనుకునేలా ఒత్తుగా పేర్చితే ఒకదాని గోడను మరొకటి నిలబెడుతుంది, తడి కూడా త్వరగా ఆరదు. ట్రేను కదపండి గానీ తడిసిన కుండీని అంచు పట్టుకుని ఎత్తకండి. ఎత్తక తప్పనప్పుడు అడుగున చేయి పెట్టాలి.

ప్రశ్న: బజ్జీలు, మిరపకాయ బజ్జీలు వార్తాపత్రికల్లో చుట్టి ఇవ్వకూడదంటున్నారు కదా, మరి ఆ సిరా మట్టిలోకి దిగి మనం తినే కూరగాయల్లోకి రాదా?
పాఠకుడు, కరీంనగర్

జవాబు: సందేహం సమంజసమైనదే. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ప్యాకేజింగ్ నిబంధనలు ఆహారాన్ని వార్తాపత్రికల్లో చుట్టడాన్నీ నిల్వ చేయడాన్నీ నిషేధించాయి. అయితే అక్కడ వేడి నూనె సిరాను కరిగించి నేరుగా మన నోటికి చేరుస్తుంది. ఇక్కడ కుండీకి ఒక పుట కాగితం పెద్ద పాదు మట్టిలో కలుస్తుంది. కాయ కోతకు వచ్చేది రెండు నెలల తరువాత. నల్ల సిరాలో ప్రధానంగా ఉండేది నూనెలో కలిపిన మసి. కనుక నలుపు తెలుపు పుటలు వాడుకోవడంలో భయపడవలసినది మాకు కనబడదు. రంగుల ప్రకటనలు నిండిన పుటలను పక్కన పెట్టండి. నున్నగా మెరిసే అనుబంధాల కాగితాన్ని అసలే వాడవద్దు. దాని మీది పూత వల్ల నీరు ఇంకదు. దుకాణాల్లో ఇచ్చే బిల్లుల కాగితం మీద రసాయనపు పూత ఉంటుంది కాబట్టి అదీ పనికిరాదు. పరీక్షలయ్యాక ఇళ్ళలో పేరుకుపోయే నోటుపుస్తకాల కాగితం దళసరి, చివకడం ఆలస్యం. చుట్టక తప్పదంటే రెండు పొరలకు మించనివ్వకండి.

ప్రశ్న: కుండీల గోడల మీద తెల్లని బూజు పట్టింది. ఆ తరువాత రెండు మూడు రోజులకే టమాటా మొలకలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోయాయి. బూజు వల్లనేనా?
పాఠకురాలు, విజయవాడ

జవాబు: రెండింటికీ కారణం ఒకటే, కానీ ఒకదాని వల్ల మరొకటి రాలేదు. కాగితం మీది తెల్ల బూజు చచ్చిన పదార్థాన్ని తిని బతికేది, మొక్కను ముట్టదు. మొలకలను పడగొట్టింది నారుకుళ్ళు తెగులు. పిథియం వంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవులు మట్టి మట్టం దగ్గర లేత కాండాన్ని కుళ్ళబెడతాయి. బూజుకూ తెగులుకూ కావలసినవి విడవని తడి, కదలని గాలి. బూజు కనబడిందంటే నీరు ఎక్కువైందని ముందే తెలిసినట్టు; ఆ రోజే నీరు ఆపి, ట్రేను గాలి తగిలే చోటికి మార్చి ఉంటే చాలా మొలకలు దక్కేవి.

కాగితపు కుండీకి పై నుంచి నీళ్ళు పోయడమే సగం చిక్కులకు మూలం. పై నుంచి పోస్తే గోడ నానుతుంది, మధ్య మట్టి పొడిగానే ఉండవచ్చు. ట్రేలో ఒక సెంటీమీటరు ఎత్తున నీరు పోసి పావుగంట వదిలితే అడుగు నుంచి తడి పైకి పాకుతుంది. మట్టి పైభాగం రంగు మారగానే మిగిలిన నీటిని వంపేయాలి. మరునాడు మళ్ళీ పోయాలా వద్దా అన్నది గడియారం చూసి కాదు, ట్రేను ఎత్తి బరువు చూసి నిర్ణయించుకోండి. మే నెల ఎండలో రోజుకు రెండుసార్లు కావచ్చు. ముసురు పట్టిన రోజుల్లో రెండు రోజులకు ఒకసారీ అక్కర్లేకపోవచ్చు.

మిశ్రమం సంగతి కూడా చెప్పాలి. పెరటి నల్లమట్టిని నేరుగా నింపితే అది నీటిని పట్టుకుని వదలదు. బాగా కడిగి ఉప్పు తీసేసిన కొబ్బరి పొట్టు, జల్లెడ పట్టిన వర్మీ కంపోస్టు (వానపాముల ఎరువు) సమపాళ్ళలో కలిపి, పది కిలోలకు వంద గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్ళను అదుపు చేసే మేలు శిలీంధ్రం) పొడి వేసి తడి చల్లి వారం రోజులు నీడలో ఉంచి వాడుకుంటే నారుకుళ్ళు బాగా తగ్గుతుంది. తెగులు వచ్చేసిన ట్రేలో పడిపోయినవాటిని తీసేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రనాశిని కలిపి మొదళ్ళు తడపవచ్చు. కానీ ఆ మందు ట్రైకోడెర్మాను కూడా దెబ్బతీయవచ్చని గుర్తుంచుకుని, రెండింటినీ ఒకేసారి వాడకండి.

ప్రశ్న: మిరప నారు కూడా ఇలాగే పెంచుకోవచ్చా?
పాఠకుడు, గుంటూరు

జవాబు: పెంచవచ్చు గానీ మేము సలహా ఇవ్వము. మిరప నారు నాటడానికి 35 నుంచి 40 రోజులు పడుతుంది. దినపత్రిక కుండీ తడిలో మూడు నాలుగు వారాలే నిలుస్తుంది. పైగా మిరప, వంగ, టమాటా నారును పీకి నాటినా తట్టుకుని తేరుకుంటాయి. వాటికి ప్రోట్రేలో (నారు కోసం గుంటలున్న ప్లాస్టిక్ ట్రేలో), నారుమడిలో కుదిరినంత బాగా కాగితంలో కుదరదు. వేరు కదిలితే అలిగే బీర, సొర, కాకర, పొట్ల, దోస, గుమ్మడి పాదులకే ఈ శ్రమ దక్కుతుంది. అవి పదిహేను, ఇరవై రోజుల్లో, బీజదళాల తరువాత రెండు మూడు అసలు ఆకులు రాగానే నాటుకు వస్తాయి కనుక కాగితం ఆయుష్షూ సరిపోతుంది. బెండ, చిక్కుడు, ముల్లంగి, ఆకుకూరలను నేరుగా మట్టిలో విత్తుకోవడమే మంచిది.

ప్రశ్న: సొర మొక్కలను కాగితపు కుండీతో సహా పెద్ద కుండీల్లో పాతాను. నెల గడిచినా ఎదగలేదు, ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. తవ్వి చూస్తే కాగితం అలాగే ఉంది, లోపల వేళ్ళు గుండ్రంగా చుట్టుకున్నాయి. మట్టిలో కరిగిపోతుందన్నది వట్టి మాటేనా?
పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కరిగిపోతుంది, కానీ తడిగా ఉన్నంతకాలమే. కాగితాన్ని తినేసే సూక్ష్మజీవులకు నీరు కావాలి. మీరు పాతినప్పుడు కుండీ అంచు మట్టి పైకి కొంచెం మిగిలి ఉంటుందని మా ఊహ. ఎక్కువమంది విషయంలో జరిగేది ఇదే. పైకి మిగిలిన ఆ అంచు దీపపు వత్తిలా పనిచేసి కింది తడిని పీల్చి గాలిలోకి వదిలేస్తుంది. అప్పుడు చుట్టూ ఉన్న మట్టి తడిగా ఉన్నా కాగితం పొడిబారి అట్టలా బిగుసుకుపోతుంది. వేరు దానిని చీల్చలేక లోపలే తిరుగుతుంది.

పసుపు రంగుకు ఇంకొక కారణమూ ఉంది. కాగితంలో కర్బనం అపారం, నత్రజని దాదాపు శూన్యం. దానిని చివికించే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని చుట్టుపక్కల మట్టి నుంచే తీసుకుంటాయి కాబట్టి, మిశ్రమంలో ఎరువు తక్కువైతే మొక్కకు కొరత పడుతుంది. నాటిన వారం నుంచి పలుచన చేసిన జీవామృతమో (ఆవు పేడ, మూత్రంతో పులియబెట్టిన ద్రవం), వర్మీవాషో (వానపాముల ఎరువు నుంచి తీసిన ద్రవం) ఒకటి రెండు విడతలు పోస్తే ఆకుపచ్చదనం తిరిగి వస్తుంది.

ఈసారి నాటేముందు కుండీని నీటిలో ఒకసారి ముంచి బాగా నాననివ్వండి. మట్టి మట్టానికి పైనున్న అంచును చించేయండి. అడుగు మడతలను విప్పండి లేదా మొత్తంగా తుంచేయండి. ప్రక్కలను రెండు మూడు చోట్ల గోటితో నిలువుగా చీల్చండి. ఆ తరువాత కాగితం కనబడకుండా మట్టి కప్పి, చుట్టూ గట్టిగా అదిమి నీరు పోయండి. కుండీతో సహా పాతడంలో ఉన్న లాభమంతా వేరు కదలకపోవడమే; అంచు, అడుగు ఉంచినందువల్ల అదనంగా వచ్చేది ఏమీ లేదు. ఇప్పటికే ఆగిపోయిన మొక్కల చుట్టూ కాగితాన్ని జాగ్రత్తగా కోసి తీసేసి చూడండి. వేళ్ళు తెల్లగా ఉంటే తేరుకుంటాయి, గోధుమ రంగుకు తిరిగి ఉంటే కొత్త విత్తనం పెట్టడమే త్వరగా తేలే పని.

ప్రశ్న: మాది ఎర్రనేల, చెదలు ఎక్కువ. కాగితం పాతిపెడితే చెదలను మనమే పిలిచినట్లు కాదా?
రైతు, మహబూబ్‌నగర్

జవాబు: పొడి కాగితమైతే పిలిచినట్లే. బాగా నానబెట్టి, రోజూ తడి అందే పాదులో పెడితే చెదలు చేరకముందే అది చివికిపోతుంది. గుంటలో గుప్పెడు వేపపిండి కలపండి. నీటి వసతి సరిగా లేని చేనులో మాత్రం, నాటేటప్పుడు కాగితాన్ని తీసేసి మట్టిగడ్డతో పెట్టుకోవడమే క్షేమం.

ప్రశ్న: టీ కొట్లలో వాడే కాగితపు కప్పులు, విందుల్లో మిగిలిన ఆకు దొప్పలు ఊరికే దొరుకుతాయి కదా, చుట్టే శ్రమ లేకుండా వాటిలోనే విత్తుకోవచ్చా?
పాఠకురాలు, అనంతపురం

జవాబు: టీ కప్పు లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది లేకపోతే వేడి టీ కారిపోయేది. అడుగున చిల్లులు పెట్టి అందులో మొలక పెంచుకోవచ్చు గానీ, నాటేటప్పుడు కప్పును తప్పక తీసేయాలి. దొప్పల్లో కూడా ఇప్పుడు ప్లాస్టిక్ పూత వేసినవి చాలా వస్తున్నాయి. అంచును చించి చూస్తే సన్నని పొర సాగుతూ కనబడుతుంది. ఉత్త మోదుగ ఆకులతో పుల్లలు గుచ్చి కుట్టిన దొప్ప అయితే కాగితం కంటే గట్టిది, మట్టిలో కలిసేది. కాకపోతే లోతు తక్కువ కనుక నిట్టనిలువు వేరు దించే సొరకు, బీరకు చాలదు.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. ఎండాకాలం చిన్నది కాబట్టి దోస, బీర ఇంట్లోనే మొలకెత్తించి బయట పెట్టాలి. కాగితపు కుండీలు ఇక్కడి చలికి పనికివస్తాయా? ఎప్పుడు మొదలుపెట్టాలి?
పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: మీకే ఇవి ఎక్కువగా పనికివస్తాయి, కానీ తొందరపడితే చెడతాయి. మీ ప్రాంతాన్ని బట్టి చివరి మంచు ఏప్రిల్ చివరి నుంచి మే నడిమి దాకా పడవచ్చు. ఆ తేదీకి మూడు నాలుగు వారాల ముందు విత్తుకుంటే చాలు. మార్చిలోనే మొదలుపెడితే తీగ సాగి, కుండీ చివికి, రెండూ ఒకదానికొకటి పనికిరాకుండా పోతాయి. మన పాదుల విత్తనాలు మొలకెత్తడానికి మట్టి 25 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలి. చలి గదిలో నానిన కాగితం మధ్య విత్తనం మొలవడానికి ముందే కుళ్ళుతుంది. వేడి తగిలే చోట ట్రే పెట్టండి, కాకర గింజలను ఒక రాత్రి నానబెట్టి మొన కొద్దిగా కత్తిరించి విత్తండి. చల్లని నేలలో కాగితం చాలా నెమ్మదిగా చివుకుతుంది కనుక పైన చెప్పినట్టు అడుగు తుంచేయడం మీ విషయంలో తప్పనిసరి. బయట నాటడానికి ముందు వారం రోజులు మొక్కలను పగలు కొద్ది గంటలతో మొదలుపెట్టి ఎండకూ గాలికీ అలవాటు చేయాలి. ఆ వారమంతా గాలికి కాగితపు గోడలు త్వరగా ఆరిపోతాయి కాబట్టి ఉదయం ఒకసారి, లోపలికి తెచ్చేటప్పుడు ఒకసారి ట్రే బరువు చూసుకోండి.